ట్రాక్ ప్రసాద్ గారి ఒక్క లైను

వరప్రసాద్ రెండు వేల పైచిలుకు సినిమా పాటలు పాడాడు. వాటిలో మీరు విన్నది ఒక్కటి కూడా లేదు. ఆయన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయన చేసిన పనే అలాంటిది.

బాణీ కట్టడం అయ్యాక, వాద్యాలన్నీ వాయించడం అయ్యాక, పెద్ద గాయకుడు వచ్చి పాడేలోగా ఎవరో ఒకరు ఆ పాటను ముందు పాడి పెట్టాలి. దాన్ని ట్రాక్ అంటారు. పెద్దాయన వస్తాడు, ఆ ట్రాక్ చెవుల్లో పెట్టుకుని వింటాడు, నేర్చుకుని తన గొంతుతో పాడతాడు. ఆయన కారెక్కి గేటు దాటాక ట్రాక్ చెరిపేస్తారు. స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగ్ చెక్కలు పెట్టి, ఆరాక పీకేస్తారు చూడండి, అదీ సంగతి. గృహప్రవేశానికి వచ్చి భోజనం చేసి వెళ్ళేవాళ్ళు ఆ చెక్కలేమయ్యాయని అడగరు కదా.

ఫిల్మ్ నగర్‌లో ఆయన్ని ట్రాక్ ప్రసాద్ అంటారు. ఇంటిపేరు కాకరపర్తి అన్న సంగతి ఆధార్ కార్డుకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

సొంతూరు రాజోలు దగ్గర. వినాయక చవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రాతో పాడేవాడు. పాడేవన్నీ మూర్తిగారి పాటలే. మూర్తిగారంటే సత్యనారాయణమూర్తి. పాట రాసేది ఆయనే, బాణీ కట్టేది ఆయనే, పాడేదీ ఆయనే. సినిమా వాళ్ళకి కుప్పలుగా వచ్చే పెళ్ళిపత్రికల వెనకాల ఖాళీ జాగా ఉంటుందిగా, దాని మీద రాసుకునేవారు. ఎవరి పెళ్ళికి వెళ్ళారో లేదో గానీ ఏ పత్రికనీ పారేసింది లేదు. అలాంటి మనిషి పాటల్ని ప్రసాద్ పాడుతుంటే, కళ్ళు మూసుకుని వింటే అచ్చం మూర్తిగారే అనేవారు జనం. పాతికేళ్ళ కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి? పొంగిపోయాడు. ఆ మాటే తన మెడకి గుదిబండ అవుతుందని అప్పుడు చెప్పేవాళ్ళెవరు?

తొంభై మూడులో హైదరాబాద్ వచ్చాడు. అప్పటికి సినిమా పరిశ్రమంతా ఇక్కడికి చేరింది గానీ మూర్తిగారు మాత్రం మద్రాసు వదల్లేదు. నెలకి రెండుసార్లు పొద్దుటి విమానంలో బేగంపేటలో దిగి, ఒక్క రోజులో ఆరేడు పాటలు పాడేసి, సాయంత్రం విమానంలో వెళ్ళిపోయేవారు. అంత హడావిడి మనిషికి ట్రాక్ పక్కాగా ఉండాలి. ప్రసాద్ దొరికాడు. మూర్తిగారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారు, ఏ మాట దగ్గర కాస్త నవ్వుతారు, ఏ అక్షరాన్ని వదిలీ వదలనట్టు వదులుతారు, అవన్నీ ముందే ఊహించి పాడి పెట్టేవాడు. "నీ ట్రాక్ వింటే మూర్తిగారికి సగం పని అయిపోయినట్టేనయ్యా" అనేవారు సంగీత దర్శకులు.

సొంతంగా ఒక్క పాట ఇవ్వండని అడిగితే, "గొంతు బ్రహ్మాండంగా ఉంది. కానీ అచ్చం మూర్తిగారిలా ఉంది. మూర్తిగారే ఉండగా నువ్వెందుకు చెప్పు?" అనేవారు. వాళ్ళు అన్నదాంట్లో తప్పేముంది? ప్రసాద్ నవ్వి ఊరుకునేవాడు. అలా నవ్వి నవ్వి యాభై ఎనిమిదేళ్ళ వాడయ్యాడు.

అయితే ఆయన దగ్గర ఒక్కటి ఉంది. ఒకే ఒక్క లైను.

తొంభై ఎనిమిదిలో మూర్తిగారు రాసి బాణీ కట్టిన పాట, 'ఆఖరి పడవ'. రేవులో ఎదురుచూసే మనిషి పాట. రెండో చరణం చివర ఇలా వస్తుంది: 'పడవ దిగిన వాళ్ళందరిలో నీ నడక కోసం వెతికాను'. ఆ రోజు మూర్తిగారు పాటంతా పాడేశారు గానీ ఆ లైను దగ్గర ఆగిపోయారు. మూడుసార్లు పాడారు, మూడుసార్లూ తల అడ్డంగా ఊపారు. విమానానికి వేళైందని కారెక్కి వెళ్ళిపోయారు. ఇంజనీరు సుబ్రహ్మణ్యం ప్రసాద్‌తో, "ప్రస్తుతానికి ఆ ఒక్క లైనూ మీదే ఉంచుతున్నా. వచ్చే ట్రిప్పులో ఆయన చేత పాడించేద్దాం" అన్నాడు.

ఆ రాత్రే తల్లికి బాగాలేదని కబురొస్తే ప్రసాద్ ఊరెళ్ళాడు. ఇరవై రోజుల తర్వాత తిరిగొస్తుంటే విజయవాడ బస్టాండులో కేసెట్ల కొట్టువాడు ఆ పాట పెట్టాడు. రెండో చరణం వచ్చింది. ప్రసాద్ చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది, అలాగే నిలబడిపోయాడు. అది తన లైనే. తను సాగదీసిన చోటే సాగింది, తను వదిలేసిన చోటే వదిలింది. మార్చలేదు! మరిచిపోయారు! బస్సు హారన్ కొడుతున్నా కదలకుండా పాట మొత్తం విన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే పక్కవాళ్ళు ఇడ్లీ చట్నీలో కారం ఎక్కువైందేమో అనుకుని ఉంటారు.

ఈ సంగతి ఆయన భార్య లీలాకుమారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. సుబ్రహ్మణ్యాన్ని కూడా అడగలేదు. అడిగితే గుర్తొచ్చి మార్చేస్తాడేమోనని భయం. కొన్నాళ్ళకి సుబ్రహ్మణ్యం మద్రాసు వెళ్ళిపోయాడు, తర్వాత ఈ లోకం నుంచే వెళ్ళిపోయాడు. పాట మాత్రం ఉండిపోయింది. బస్సుల్లో, ఎఫ్ఎమ్‌లో, టీవీ పాటల పోటీల్లో. ఎవరో పిల్లవాడు ఆ లైను పాడితే జడ్జి కళ్ళు తుడుచుకుని, "ఇక్కడ మూర్తిగారు ప్రాణం పెట్టి పాడారమ్మా" అనేవాడు. టీవీ ముందు కూర్చున్న ప్రసాద్ నడుం నిటారుగా పెట్టి కూర్చునేవాడు. పేరు లేకపోతేనేం, కోట్లమంది చెవుల్లో తన ఊపిరి ఉంది. ఆ ఒక్కదాన్ని పట్టుకునే బతికాడంటే అబద్ధం కాదు.

ఇప్పుడు ట్రాకులు లేవు. సంగీత దర్శకులు వాళ్ళ గొంతుతో వాళ్ళే ఫోన్లో పాడి పంపించేస్తున్నారు. ప్రసాద్ ఫిల్మ్ నగర్‌లోనే పాత రెండు గదుల పోర్షన్లో ఉంటూ, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల పిల్లలకి పాటలు నేర్పుతున్నాడు. అలా ఉండగా ఈ వేసవిలో ఒక ఫోన్ వచ్చింది.

చేసింది ప్రణతి అనే అమ్మాయి. మూర్తిగారికి ఎనభై ఒకటి. పాడటం మానేసి ఆరేళ్ళయింది, జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉంటున్నారు. ఆయన యాభై ఏళ్ళ పాటల్ని శుభ్రం చేసి కొత్తగా విడుదల చేయాలని ఒక మ్యూజిక్ కంపెనీ పూనుకుంది. ఆ పని చూసేది ఈ అమ్మాయే. పాత టేపులన్నీ చివరిసారి తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించింది, ఇక అవి పనికిరావు. ఏ టేపులో ఏముందో రాసిన కాగితాలు చెదలు తినేశాయి. చెరిపేశారనుకున్న ట్రాకులు చాలావరకు టేపుల్లోనే ఉండిపోయాయి. ప్రతి పాటలో రెండేసి గొంతులు ఉన్నాయి, రెండూ ఒకలాగే ఉన్నాయి. ఏది ట్రాకో, ఏది మూర్తిగారో తెలియక తల పట్టుకుంటే ఎవరో చెప్పారట, ట్రాక్ ప్రసాద్‌ని అడగమని.

మర్నాడు పొద్దున జూబ్లీ హిల్స్‌లో మూర్తిగారి ఇంటి గేటు ముందు ప్రసాద్ ఆటో దిగాడు. వాచ్‌మన్ వెంకటనర్సయ్య రిజిస్టర్ ముందుకు తోశాడు. "గీడ పేరు రాయుండ్రి సార్. ఏం పని మీద అచ్చిండ్రో గది సుత రాయాలె."

ఏం పని మీద వచ్చాడు? కాసేపు ఆలోచించి 'పాటలు' అని రాశాడు.

ఇంటి సెల్లార్లో చిన్న గది. గోడ పక్కన అట్టపెట్టెల నిండా మూర్తిగారి పెళ్ళిపత్రికలు. కంప్యూటర్ ముందు ప్రణతి. ఆమె ఒక్కో గొంతునీ విడిగా వినిపిస్తుంది, వాద్యాలేవీ లేకుండా. ఆయన "ఇది నేను" అంటాడు, లేదా "ఇది గురువుగారు" అంటాడు. మూర్తిగారు ఆయనకి ఎప్పుడూ పాఠం చెప్పింది లేదు, అయినా గురువుగారే. వాద్యాలు తీసేస్తే పట్టడం కష్టం కాదు. ఎంత అనుకరించినా ఊపిరి ఎవరిది వాళ్ళదే. పెద్దాయన పొడుగు లైనుని ఒక్క ఊపిరిలో లాగేస్తారు, ప్రసాద్ మధ్యలో ఎక్కడో దొంగచాటుగా ఒకటి తీసుకుంటాడు. ఆయన "ఇది నేను" అన్నప్పుడల్లా ప్రణతి ఒక మీట నొక్కుతుంది. తెర మీద ఒక గీత మాయమవుతుంది. ట్రాకులు ఎక్కడా మిగలకూడదని కంపెనీ వాళ్ళ షరతు. బయటికి పొక్కితే గొడవలవుతాయట. తన గొంతుని తనే పట్టించే ఈ పనికి ఆయన రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

నాలుగో రోజు టీ తాగుతుండగా ప్రణతి అంది. "ప్రసాద్ గారూ, ఇంకో చిన్న విషయమండి. రిలీజైన పాటల్లో కూడా అక్కడక్కడా ట్రాక్ వాయిస్ ఉండిపోయి ఉండొచ్చు కదా. అలాంటివి కనిపిస్తే చెప్పండి. కంప్యూటర్‌లో సార్ వాయిస్ తయారుచేసి ఆ బిట్ రీప్లేస్ చేసేస్తాం. ఎవరికీ డిఫరెన్స్ తెలీదు."

టీ ఆయన నాలిక కాల్చింది.

ఇదీ ఆయనకి వచ్చిపడ్డ చిక్కు. ఇరవై ఏడేళ్ళుగా ఒక్కసారైనా ఎవరితోనైనా 'ఆ లైను నాది' అనాలని లోపల కొట్టుకుపోయిన మనిషి. ఇప్పుడు అడిగేవాళ్ళు ఎదురుగా ఉన్నారు. చెబితే పేరు రాదు సరికదా, లైనే పోతుంది. చెప్పకపోతే లైను ఉంటుంది గానీ అది ఇక ఎప్పటికీ మూర్తిగారిదే. రెండు రాత్రులు నిద్రపోలేదు. లీలాకుమారిని అడిగితే, "మీకేది మనశ్శాంతిగా ఉంటే అది చెయ్యండి" అని పక్కకి తిరిగింది. ఆ మాట ఆయనకి కాస్త కష్టంగానే అనిపించింది. ఇంకొంచెం పట్టించుకోవచ్చు కదా అనుకున్నాడు.

చివరికి అబద్ధమాడటానికే నిశ్చయించుకున్నాడు. కన్నబిడ్డని పెంపుడికిచ్చినా ఎక్కడో బతికుంటే చాలనుకునే తల్లి లాంటి ఆలోచన అది. 'ఆఖరి పడవ' వచ్చినప్పుడు 'అది గురువుగారిదే' అనాలి. మొహంలో ఏమీ కనపడనివ్వకూడదు. ఆటోలో వెళుతూ ఆ రెండు ముక్కలు పదిసార్లు అనుకున్నాడు.

ఆ పాట పదకొండో రోజున వచ్చింది.

"ఇందులో ఆ లైనుకి రెండు వాయిస్‌లు ఉన్నాయండి" అంది ప్రణతి. "రిలీజైన దాంట్లో వాడింది ఇదీ." నొక్కింది.

'పడవ దిగిన వాళ్ళందరిలో నీ నడక కోసం వెతికాను'. వాద్యాలు లేవు, వీణ లేదు, అలల చప్పుడు లేదు. ఒట్టి గొంతు. ఒక్క ఊపిరిలో మొదటి నుంచి చివరికి వెళ్ళిపోయింది. 'నీ' అనే మాట ముందు ఆగలేదు. ప్రసాద్ ఆ మాట ముందు ఊపిరి తీసుకోకుండా ఆ లైను ఎన్నడూ పాడలేడు. ఆయన ఇంకా అర్థం చేసుకోకముందే లైను అయిపోయి, చిన్న దగ్గు వినిపించింది. ఆ వెంటనే మాట. "ఇది ఉంచెయ్ సుబ్రహ్మణ్యం. ఇక చాలు."

మాట్లాడింది మూర్తిగారు. పాడిందీ మూర్తిగారే.

అంటే ఆయన మళ్ళీ వచ్చారు. ఆ ఇరవై రోజుల్లో ఎప్పుడో వచ్చి పాడేసి వెళ్ళారు. విజయవాడ బస్టాండులో ఇడ్లీ పొట్లం పట్టుకుని ఏడ్చింది మూర్తిగారి గొంతు విని. టీవీ ముందు నడుం నిటారుగా పెట్టింది మూర్తిగారి కోసం. వరప్రసాద్‌కి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎవరూ చూడని దొంగతనంలో తనకి తాను దొరికిపోయినంత సిగ్గు.

"ఇంకోటి ఇదండీ" అని ప్రణతి రెండోది వినిపించింది. ప్రసాద్ ముప్ఫై ఒకటో ఏట పాడిన గొంతు. 'నీ' ముందు చిన్న ఊపిరి. కొంచెం జీర. తన కన్నా చిన్నవాడెవడో, ఏదో జరుగుతుందని గట్టిగా నమ్మినవాడెవడో పాడుతున్నట్టుంది.

"ఏది ఎవరిదండీ?"

"మొదటిది గురువుగారిదే" అన్నాడు. అబద్ధం కోసం సాధన చేసిన మాటలు నిజానికి పనికొచ్చాయి. "రెండోది నాది. తీసెయ్యండి."

ప్రణతి మీట నొక్కింది. గీత పోయింది.

ఆ మధ్యాహ్నమే మూర్తిగారు పాట వింటానని కిందికి వచ్చారు. చేతికర్ర, మఫ్లరు, ఎండాకాలంలో కూడా. ప్రసాద్ లేచి పాదాలకి దండం పెడితే, "కూర్చో ప్రసాదూ, కూర్చో. నువ్వూ ముసలాడివయ్యావే" అని నవ్వారు. ప్రణతి శుభ్రం చేసిన 'ఆఖరి పడవ' పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. రెండో చరణం చివరికొచ్చేసరికి కర్ర పైకెత్తి ఆపమన్నారు.

"ఇక్కడ నేను నీలా పాడాను కదూ?" అన్నారు ప్రసాద్ వైపు తిరిగి.

ప్రసాద్ మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"రాసింది నేనే గానీ నాకు పట్టు దొరకలేదయ్యా ఆ లైను. ఆ రోజు విమానం ఎక్కకుండా హోటల్లో దిగిపోయి, పొద్దున్నే వచ్చి నీ ట్రాక్ పెట్టించుకున్నాను. ఎన్నిసార్లు విన్నానో సుబ్రహ్మణ్యం ఉంటే చెప్పేవాడు. నువ్వెలా పాడావో అలా పాడేసి వెళ్ళిపోయాను. స్టేజీ మీదైనా అంతే, ఆ లైను వస్తోందంటే నువ్వే గుర్తొచ్చేవాడివి. నీకు చెబుదామనుకున్నాను. ఊళ్ళో లేవన్నారు. తర్వాత…" చెయ్యి గాలిలో ఊపారు. తర్వాత ఇరవై ఏడేళ్ళు గడిచిపోయాయని దానర్థం.

ప్రణతి గబగబా ఒక అట్టపెట్టె లాగి వెతికి ఒక శుభలేఖ తీసింది. వెనకాల 'ఆఖరి పడవ' పాట, మూర్తిగారి దస్తూరి. ఆ లైను పక్కన నీలం పెన్సిలుతో 'ఇక్కడ ప్రసాదులా' అని ఉంది. "ఈ ప్రసాద్ ఎవరో అనుకున్నానండీ" అని, ఆ అమ్మాయి తెర మీద ఖాళీగా ఉన్న చోటు వైపు చూసి, పెదవి కొరుక్కుంది. అలా తీసేసినవి తీసేసినట్టే ఉంటాయని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. మూర్తిగారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ప్రసాద్ ఇల్లు చేరేసరికి లీలాకుమారి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు.

"అది నా గొంతు కాదు లీలా."

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసండీ" అంది.

"ఏం తెలుసు?"

"పెళ్ళైన మూడేళ్ళకి వచ్చింది ఆ కేసెట్. మూడేళ్ళు ఇంట్లో రోజూ విన్న గొంతు ఆ మాత్రం పోల్చుకోలేనా? మొదటి రోజే తెలుసు నాకు."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పనండీ, మీ మొహం అలా వెలిగిపోతుంటే?"

ఆయన కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత మూర్తిగారన్న మాటలు, శుభలేఖ, నీలం పెన్సిలు, అన్నీ చెప్పాడు. లీలాకుమారి గిన్నె పక్కన పెట్టింది. "ఆయన మీలా పాడారన్నమాట" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ మాట తనకే మళ్ళీ వినపడాలన్నట్టు ఇంకోసారి అంది. పెళ్ళినాటి నుంచి ఇంత సంతోషం ఆమె మొహంలో ఆయన చూడలేదు.

"మరి మీరు పాడింది కూడా అక్కడ ఉందిగా, విన్నారా? ఎలా ఉందండీ? నాకెప్పటినుంచో అది వినాలని ఆశ. ఇంట్లో పాడమంటే, రికార్డులో ఉందిగా అనేవారు. గట్టిగా అడిగితే నాకు తెలుసన్న సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను. రేపు ఆ అమ్మాయిని అడిగి ఫోన్లో వేయించుకుని రండి. ఒక్కసారి వింటాను."

"లేదు లీలా. పొద్దునే తీసేశారు. నేనే తీసెయ్యమన్నాను."

"ఎందుకండీ?"

హైదరాబాద్ వచ్చిన ముప్ఫై రెండేళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వరప్రసాద్ తలొంచుకుని తన చేతులు చూసుకున్నాడు.

"వినేవాళ్ళెవరున్నార్లే అనుకున్నాను" అన్నాడు.